ఎండని మడుగు అడుగున

ఎండని మడుగును మీరు చూసి ఉండరు. ఇప్పుడు వెళ్ళినా నేను చూసినట్టుగా చూడలేరు. భద్రాచలం దగ్గర గోదావరి దాటి, ఇంకా లోపలికి పోయి, అడవి అంచున ఒక కోయ గూడెం వెనక ఉంటుందది. ఎంత ముదురు వేసవిలోనూ పూర్తిగా ఎండదని ఆ పేరు. మే నెలలో నేను వెళ్ళి వచ్చిన అయిదు రోజుల సంగతి రాస్తున్నాను. గుళ్ళూ గోపురాలూ చూడాలనుకునేవాళ్ళకు ఇందులో ఏమీ దొరకదు. నేను వెళ్ళింది బురద కోసం.

వరంగల్‌లో ఒక ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్నాను. చెరువుల అడుగు నుంచి గొట్టాల్లో తెచ్చిన మట్టిని అర సెంటీమీటరు బిళ్ళలుగా కోసి, ఆరబెట్టి, అందులోని మైనం తీయడం నా పని. మట్టిలో మైనమేమిటంటారా? జిల్లేడాకు మీద నీటిచుక్క వేసి చూడండి, అంటుకోదు, జారిపోతుంది. ఆకు మీద మైనం పూత ఉంటుంది గనక. ప్రతి ఆకుకూ అంతో ఇంతో ఉంటుంది. ఆకు రాలి చెరువులో పడి కుళ్ళిపోయినా మైనం కుళ్ళదు, మట్టిలో ఉండిపోతుంది. ఆ చెట్టు తాగిన వాననీటి గుర్తు ఆ మైనంలో మిగులుతుంది. వానలు దండిగా కురిసిన కాలంలో అందులోని హైడ్రోజన్ తేలిక, వానలు మొహం చాటేసిన కాలంలో బరువు. ఆ తేడాను మెషిన్ చెబుతుంది. వాన కొలిచి రాసిపెట్టే మనిషి లేని కాలంలో ఇక్కడ ఎట్లాంటి వానలు పడ్డాయో మేం ఇట్లా తెలుసుకుంటాం.

ఆ మట్టి తెచ్చేది మా ఆయన. ఫీల్డ్ అసిస్టెంటు. ఆయన తేవడం, నేను కోయడం, మధ్యలో ఇద్దరం పోట్లాడుకోవడం. గొట్టానికి ఏది పై కొసో తెలిసేలా బాణం గుర్తు గీయాలి. గీయకపోతే ఏది ముందు కాలం, ఏది తర్వాతి కాలం అన్నది తెలియదు, పడ్డ కష్టమంతా మట్టిపాలే. ఆయన రెండుసార్లు మర్చిపోయాడు. రెండోసారి ల్యాబ్ అంతా వినపడేలా తిట్టాను. ఆ తిట్లు తిన్న వారానికే నన్ను పెళ్ళి చేసుకుంటానని వచ్చి అడిగాడు, ఏం మనిషో! అప్పటికి నాకు ముప్ఫై రెండు. పదకొండేళ్ళు కాపురం చేశాం. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండెపోటుతో పోయాడు.

అంతకు మూడేళ్ళ ముందు ఆయన ఎండని మడుగుకు వెళ్ళాడు. తాడు తెగిందంటూ జానెడు మట్టితో తిరిగొచ్చాడు. "దాని కింద ఇంకా మస్తు ఉంది సుజాతా. నిన్నొకసారి తీస్కపోతా, చూద్దువు" అన్నాడు. "ముందు మీ గొట్టాలకు బాణాలు గీయండి, తర్వాత చూద్దాం" అన్నాను. ఆ తర్వాత చూసింది లేదు.

ఈ ఏప్రిల్‌లో తెలిసింది, ఆ మడుగులో పూడిక తీస్తున్నారని. మట్టి తోడే మిషన్ దిగితే అడుగు మట్టి కిందామీదా అవుతుంది, వేల ఏళ్ళ వరస చెదిరిపోతుంది. "ఈ వేసవి తప్పితే ఇక లేదు" అన్నారు మా ల్యాబ్ ప్రొఫెసర్ గారు. ఎన్నడూ ఫీల్డ్‌కు వెళ్ళనిదాన్ని, "నేను పోతాను సార్" అన్నాను. మా ఆయన సగంలో వదిలేసిన మట్టి నాకు కావాలి, మిషన్ కన్నా ముందే కావాలి. నా మనసులో ఉన్నదంతా అదే.

తిరుమలాయపాలెం

జీపులో ముగ్గురం. నేను, రిసెర్చ్ చేస్తున్న సౌమ్య, డ్రైవర్ యాకూబ్ భాయ్. వెనక రెండు ట్రాక్టర్ ట్యూబులు, చెక్క పలకలు, ప్లాస్టిక్ గొట్టాలు. ట్యూబుల్లో గాలి నింపి పైన పలకలు కడితే అదే మా తెప్ప.

మరిపెడ మీదుగా వస్తే తిరుమలాయపాలెం తగులుతుంది. ఆ పక్క ఊళ్ళోనే మా ఆయన అక్క ఉంటుంది. దారిలో ఉండి దిగకపోతే ఊరుకునే మనిషి కాదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు పెట్టింది. మాది మధిర. అక్కడ పొద్దున్నే ఇడ్లీ లేకపోతే ఇల్లు నడవదు. పెళ్ళయిన కొత్తలో పొద్దున్నే రొట్టె చూసి నేను మొహం ముడుచుకున్న సంగతి వదినె ఇప్పటికీ అందరికీ చెబుతుంది. సౌమ్యకు కూడా చెప్పింది.

"వాడు పోయిండు గని, వాని బురద నిన్ను ఇడిచిపెడ్తలేదా?" అంది నా కంచంలో ఇంకో రొట్టె వేస్తూ.

"నేనే విడవట్లేదు వదినా."

"పోతే పో గని నీళ్ళల్ల దిగకు. నీకు ఈత రాదు."

"మీ తమ్ముడికి వచ్చా ఏంటి?"

"వానికా! చిన్నప్పుడు బాయిల దింపితే రాయి లెక్క మునిగేటోడు. ముగ్గురం పట్టి గుంజేటోళ్ళం" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు పెట్టుకుంది. యాకూబ్ భాయ్ బయట హారన్ కొట్టాడు.

ఖమ్మం

ఖమ్మంలో మిర్చి యార్డు వైపు నుంచి వెళ్ళడం మా పొరపాటు. సౌమ్యది హైదరాబాదు. గాలిలో కారం అంటే ఏమిటో ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు. వరసగా తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. "గీ గాలి పీల్చి బతికినోళ్ళు ఖమ్మమోళ్ళు, ఊకెనే గట్టిగ మాట్లాడ్తరా!" అన్నాడు యాకూబ్ భాయ్. తన ఊరు ఖమ్మమే. మెస్‌లో భోజనం నూట ఇరవై. గోంగూర మాత్రం ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వేశారు. మా ఆయన ఫీల్డ్ నుంచి వచ్చినప్పుడల్లా ఎక్కడ ఏం తిన్నాడో ముందు చెప్పి, మట్టి సంగతి తర్వాత చెప్పేవాడు. నాకు అప్పుడు విసుగొచ్చేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను, చూశారు కదా.

భద్రాచలం

గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. నది పక్కకు ఒదిగి పారుతోంది, మిగిలిందంతా ఇసుక. గుడికి వెళ్ళలేదు, తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి. మేం వెళ్ళింది పంక్చర్ షాపుకు. ట్యూబుల్లో ఒకటి దారిలోనే చప్పబడింది.

షాపతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ వచ్చే చోటు వెతుకుతూ, "ట్రాక్టర్ ఏది మేడమ్?" అన్నాడు. లేదు, తెప్ప కోసం అన్నాను. చేపలకా అన్నాడు. కాదు, మట్టికి అన్నాను. మట్టెందుకు అన్నాడు. పాత వానల కోసం అన్నాను. అతను తల పైకెత్తి నన్నూ, యాకూబ్ భాయ్‌నీ మార్చి మార్చి చూశాడు.

"పోయిన వాన దొరికితే ఏం చేస్తరు మేడమ్? మల్ల కురిపిస్తరా?"

"ఇక ముందు ఎట్లా కురుస్తుందో అంచనా వేయడానికి పనికొస్తుందయ్యా."

"అవ్, గట్లయితే మంచిదే" అన్నాడు గాని, నమ్మలేదు. రాత్రికి లాడ్జిలో పడుకుని ఆలోచించాను. వాన సంగతి సరే, పోయిన మనిషి తొక్కిన బురద కోసం ఇంత దూరం వచ్చానని చెబితే ఏమనేవాడో.

దారికడ్డంగా తాడు

రెండో రోజు అడవి దారి. తునికాకు కట్టలు ఎండబెట్టిన కళ్ళాలు, దారి పొడుగునా ఇప్పచెట్లు. ఒక గూడెం దగ్గర పదిమంది ఆడవాళ్ళు దారికడ్డంగా తాడు పట్టుకుని నిలబడ్డారు. యాకూబ్ భాయ్ గుండె జారిపోయింది. ఏమీ లేదు, భూమి పండుగ. పండుగ రోజుల్లో మగవాళ్ళు అడవికి వేటకు పోతే, ఆడవాళ్ళు దారికి తాడు కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు. వందిచ్చాను. చాలదన్నారు, డ్రైవర్ దిగి ఆడితే వదుల్తామన్నారు. యాభై దాటిన యాకూబ్ భాయ్ అటు రెండడుగులు ఇటు రెండడుగులు వేశాడు. నవ్వి నవ్వి తాడు వదిలేశారు. మా వైపు ఏరువాక నాడు ఎద్దులకు బొట్టు పెట్టేవాళ్ళు. ట్రాక్టర్లొచ్చాక అదీ లేదు. అందుకని ముచ్చటగా అనిపించింది, ఫోటోలు కూడా తీసుకున్నాం. ఆ పండుగ మా పనికే అడ్డం వస్తుందని తట్టలేదు, చదువుకున్న తెలివి అంత!

ఎండని మడుగు

మడుగు ఒడ్డున జీపు దిగాం. గుండ్రంగా, చుట్టూ మద్దిచెట్లు, అంచులు ఎండి బీటలు. నడిమధ్య మాత్రం నడుంలోతు నీళ్ళు, వాటి కింద ఎంతో తెలియని బురద. ఆయన చెప్పినట్టే ఉంది. ఎడమ పక్క ఒరిగిన చెట్టు కూడా చెప్పాడు, అదీ ఉంది. చెప్పిన మనిషి లేడు.

ట్యూబులు దించుతుంటే గూడెం పెద్ద కన్నయ్య వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. మర్యాదగానే మాట్లాడాడు.

"గిప్పుడు గుచ్చొద్దమ్మా. మా పండుగ ఎల్లుండి. పండుగ గానిది భూమిల గడ్డపార గూడ దించం. నాగలి ఏడుంటే ఆడనే ఉంటది."

"మేం తవ్వం పటేలా. ఇంత సన్న గొట్టం దించి తీస్తాం, అంతే."

"సన్నదైతే గుచ్చుకోదా?"

"మరి పూడిక మిషన్?" అన్నాను.

"అది గూడ పండుగ అయినంకనే. తెల్లారి దిగుతది. నెల ముందే ఒప్పుకున్నం. ఈ మట్టి మా చేన్లకు గావాలె. మడుగు లోతయితే ఎండకాలం పశులకు నీళ్ళుంటయి."

పండుగ దాకా మేం దించకూడదు. పండుగ తెల్లారే మిషన్ దిగుతుంది. మధ్యలో మాకు మిగిలిందేమీ లేదు. నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక సౌమ్యను కసిరాను, పండుగ తేదీ కనుక్కోలేదని. పాపం, కనుక్కోవాల్సింది నేను. మట్టి వాళ్ళది, మడుగు వాళ్ళది. నా దుఃఖం కోసం వాళ్ళ పండుగ ఆగదు కదా. అదంతా తెలిసినా, ఒడ్డున కూర్చుని ఆ నీళ్ళ వైపు చూస్తుంటే ప్రాణం కొట్టుకులాడింది.

కన్నయ్య పోబోతూ వెనక్కి తిరిగి, "పండుగ తెల్లారి పొద్దు పొడవంగనే మీరు దిగుండ్రి. మిషన్ తొమ్మిదింటికి గదా" అన్నాడు. మూడు గంటలు. మామూలుగా మాకు ఒక రోజు పట్టే పని.

తాడు సారు

మాకు ముత్తమ్మ ఇంట్లో చోటిచ్చారు. డెబ్బై దాటిన మనిషి, ఒంటి మీద కండ లేదు గాని నీళ్ళ బిందె తనే ఎత్తుతుంది. ఇరుగుపొరుగుతో కోయలో మాట్లాడేది, నాకు ఒక్క ముక్కా తెలియదు. నాతో తెలుగులో మాట్లాడేది. జావ, చింతచిగురు పప్పు, తునికి పండ్లు పెట్టింది. తునికి పండు తియ్యగా ఉండి నాలుక మీద కొంచెం వగరు మిగులుస్తుంది. డబ్బిస్తే తీసుకోలేదు. సౌమ్య దగ్గరున్న జండూబామ్ మాత్రం అడిగి తీసుకుంది.

మూడో రోజు పొద్దున జావ తాగుతుంటే అడిగింది, "గీ గొట్టాల పని ఇంతకుముందు గూడ ఒకాయన జేసిండు బిడ్డా. పొడుగ్గ, బక్కగ ఉండె. మేం తాడు సారు అంటుంటిమి."

గ్లాసు కింద పెట్టాను. "తాడు సారు ఎందుకు?"

"తాడు దెగి గొట్టం నీళ్ళల్ల పడ్డది. ఆ సారు ఎనకా ముందు జూడకుంట దుంకిండు. చలికాలం, నిండ నీళ్ళు. ఈత రాదని మాకేమెరుక? మా కన్నయ్య దుంకి జుట్టు పట్టి గుంజుకొచ్చిండు. గొట్టం మాత్రం ఇడువలె, ఛాతికి అదుముకొని ఉండె. గీడనే, గీ పొయ్యి కాడనే కూసోబెట్టినం. వణుక్కుంట వణుక్కుంట, 'గిది పోతే ఇంట్ల మా మేడమ్ కొడ్తది' అని నవ్విండు."

పదకొండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఈ ముక్క నాకు చెప్పలేదు. తాడు తెగింది అన్నాడంతే. బతికుంటే ఆ రాత్రే ఫోన్ చేసి కడిగేసేదాన్ని. జానెడు మట్టి కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటావా, ఎవడు అడిగాడు నిన్ను, అని. నేనే అడిగాను. ప్రతిసారీ, గొట్టం దించగానే, మనిషి ఎట్లా ఉన్నాడని చూడకముందే, మట్టి సరిగా తెచ్చారా అని అడిగేదాన్ని.

"ఆ మేడమ్‌ను నేనే అవ్వా" అన్నాను.

ముత్తమ్మ నా మొహం చూసింది. "సారు రాలేదేం?" అనబోయి, నా నుదురూ మెడా చూసి ఆగిపోయింది. లేచి నా గ్లాసులో ఇంకొంచెం జావ పోసింది.

సాయంత్రం తనే కదిలించింది. "నా పెండ్లి ఏడు వాన ఆగకుంట కొట్టింది. ఇల్లు గూలింది. గా వాన కనవడ్తదా నీ మట్టిల?"

"ఒక్క ఏడాది విడిగా కనపడదవ్వా. సగం వేలి మందం మట్టిలో పదిహేనేళ్ళు కలిసిపోయి ఉంటాయి."

"మంచి ఏడు, చెడ్డ ఏడు కలిపేస్తరా?"

"మేం కలపం. మట్టే కలుపుతుంది."

"నీ మట్టికి తెలివి లేదు" అంది ముత్తమ్మ. నేను ఒప్పుకున్నాను.

పండుగ

నాలుగో రోజు ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి, ఊరి దేవత దగ్గర ఒకచోట పోసి, పూజ చేసి, తిరిగి అందరికీ పంచారు. జొన్నలు, కందులు, మొక్కజొన్న, ఎవరివి ఎవరికి వచ్చాయో తెలియదు. మా ఊళ్ళో విత్తనం సంచిలో వస్తుంది, సంచి మీద కంపెనీ బొమ్మ ఉంటుంది. దాన్ని ఇంకొకరి గింజలో కలిపితే కొట్లాటే. ముత్తమ్మ నన్నూ వరసలో నిలబెట్టి చేతిలో గుప్పెడు జొన్నలు పోసింది. డోలు కొట్టారు, ఆడవాళ్ళు నడుం చుట్టూ చేతులు కలిపి ఆడారు. సౌమ్య కలిసింది. నన్నూ లాగారు, అడుగు తప్పి పక్కావిడ కాలు తొక్కాను.

పొద్దు వాలే వేళకు లారీ మీద మిషన్ వచ్చింది. నడిపేవాడు శీను, ఎర్రుపాలెం అతను. మాది మధిర అనగానే, "అయ్యో, మన పక్కే కదక్కా!" అన్నాడు. నా సంగతి చెప్పాను. కాంట్రాక్టరు గంటకింత కిరాయి కడుతున్నాడు, నిమిషం ఆలస్యమైనా ఊరుకోడు. శీను బుర్ర గోక్కున్నాడు. "పొద్దున్నే గ్రీజు పెట్టుకోవాలి. పైపు కూడా ఏదో కారుతున్నట్టుంది. తొమ్మిదిన్నర అవుద్దిలే అక్కా. అంతకు మించి నా వల్ల కాదు."

తెల్లారి

చీకటి విడుతుండగానే తెప్ప దించాం. తెప్ప మీద యాకూబ్ భాయ్, సౌమ్య, కన్నయ్య. ఒడ్డున నేను. గొట్టం మీటరు పొడుగు. బురదలోకి దించి, పైకి లాగి, దాని కింద నుంచి ఇంకో మీటరు, మళ్ళీ ఇంకోటి. ఒడ్డుకు రాగానే రెండు కొసలా మూతలు బిగించి, బాణం గీసి, నీడలో పెట్టడం నా పని.

మొదటి గొట్టం ఏడింటికి వచ్చింది. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో నల్లటి మట్టి, పైన వేలెడు నీళ్ళు, చెక్కు చెదరలేదు. బాణం గీశాను. రెండోది రావడానికి రెండున్నర గంటలు పట్టింది, బురద గట్టిపడింది. చెప్పిన మాట తప్పకుండా శీను తొమ్మిదిన్నరకు అవతలి ఒడ్డున ఇంజను వేశాడు. మొదట నీళ్ళు పోవడానికి కాలువ తీయాలి. మిషన్ నాలుగు బొచ్చెల మట్టి ఎత్తిపోసేసరికి నీళ్ళు కదిలాయి. సరిగ్గా అప్పుడే కన్నయ్య రెండో గొట్టం తెచ్చి నా చేతిలో పెట్టి వెనక్కి పోయాడు.

నేను నీళ్ళ వంకే చూస్తున్నాను. ఆయన దూకిన నీళ్ళు. అవే నీళ్ళు కాదని తెలుసు, ఆరేళ్ళయింది. అయినా కాలువలో పడి పోతుంటే ఎవరో నా కళ్ళముందే ఇల్లు ఖాళీ చేస్తున్నట్టుంది. చేతులు వాటంతట అవే రెండు మూతలూ బిగించాయి. గొట్టాన్ని ఒళ్ళోంచి తీసి నేల మీద పడుకోబెట్టాను.

పది దాటాక తెప్ప బురదకు తట్టుకుంది. మూడో గొట్టం సగమే వచ్చింది. సౌమ్య ఒడ్డెక్కి అన్నిటినీ చూసి, మెల్లగా, చాలా మెల్లగా అంది, "మేడమ్, రెండో దానికి బాణం?"

లేదు. రెండు కొసలా ఒకే రంగు మూతలు, లోపల అటు నుంచి ఇటు దాకా ఒకే నల్లటి మట్టి. కన్నయ్యను అడిగితే ఏ కొస ముందు పట్టుకున్నాడో గుర్తు లేదన్నాడు. ఇరవై రెండేళ్ళుగా నలుగురినీ ఏ తప్పుకు తిట్టానో, ఆయన్ను ల్యాబ్ అంతా వినపడేలా కడిగేశానో, ఆ తప్పు నా చేతులతో నేనే చేశాను. అవతల మిషన్ మడుగులోకి దిగుతోంది. ఇంకోసారి తీసే వీల్లేదు. అందరి ముందే మొహం కప్పుకుని కూలబడ్డాను.

ముత్తమ్మ వచ్చి పక్కన కూచుంది. సంగతేమిటని సౌమ్యను అడిగింది. విని, గొట్టాన్ని కొంగుతో తుడిచి ఎండకు పట్టి తిప్పుతూ చూసింది. పొలం మనిషి చూపు.

"గిదేంది బిడ్డా? వేరు గదా?"

ప్లాస్టిక్‌ను ఆనుకుని సన్నటి గోధుమరంగు దారం. ఒక కొస వైపు పుల్లంత లావు, పోను పోను పాయలుగా చీలి, వెంట్రుక అంత సన్నం.

"వేరు కిందికే గదా దిగేది! లావు దిక్కు మీదికి, సన్న దిక్కు కిందికి. గింత చదువుకొని గీనికి ఏడుస్తరా?"

సౌమ్య వేరు చుట్టూ ఇంకో రెండు వేర్లు వెతికి పట్టింది. అన్నీ అటే దిగాయి. తర్వాత ల్యాబ్‌లో కొసలు పక్క గొట్టాలతో పోల్చి చూశాం, ముత్తమ్మ మాటే నిజం. అప్పుడు మాత్రం నేను ఆమె చేయి పట్టుకుని వదల్లేదు. బాణం గీశాను, రెండుసార్లు.

వేరు ఉందంటే అక్కడ గడ్డి మొలిచింది. గడ్డి మొలిచిందంటే మడుగు ఒకప్పుడు ఎండింది, ఎన్నో వేల ఏళ్ళ కింద. ఆ మాట ముత్తమ్మకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. సౌమ్య చెప్పేసింది. ముత్తమ్మ మడుగు వైపు చూసింది.

"ఎండితే ఎండిందిలే. మల్ల నిండిందా లేదా?"

మేం బయల్దేరేటప్పటికి ట్రాక్టర్లు మట్టి నింపుకుని చేన్లకు పోతున్నాయి. కన్నయ్య చేతులూపాడు. శీను మిషన్ మీద నుంచే హారన్ కొట్టాడు.

మళ్ళీ వరంగల్

జూన్ ఆఖరున మొదటి గొట్టాన్ని తెరిచాను. అన్నిటికన్నా పైన ఉన్న అర సెంటీమీటరు, సుమారు పదిహేనేళ్ళ మట్టి. మా పెళ్ళి, పదకొండేళ్ళ కాపురం, ఆయన గొట్టం కోసం దూకిన రోజు, ఆ ఆదివారం మధ్యాహ్నం, తర్వాత ఈ మూడేళ్ళూ నేను ఒక్కదాన్నే వండుకు తిన్న కూరలు, అన్నీ అందులోనే. సౌమ్య తొంగి చూసి, "పైది బాగా పలచగా ఉంది మేడమ్. వదిలేద్దామా?" అంది.

"నేను చేస్తాను, నువ్వు వెళ్ళు" అన్నాను.

మైనం తీయాలంటే మట్టిని ద్రావకంలో వేయాలి. అట్లా వేసిన మట్టిని తర్వాత పారబోస్తాం. మడుగులో ఆ ఏళ్ళ మట్టి చేన్లకు ఎక్కేసింది, వరస చెదరకుండా ఉన్నది నా ముందున్నది ఒక్కటే. చిన్న డబ్బాలో వేసి ఇంటికి తీసుకుపోతే అడిగే దిక్కు లేదు. పలచనైంది, పనికిరాలేదు అని రాస్తే సరిపోతుంది. పాడు మనసు, చాలాసేపు ఆ డబ్బా మూత తీసి పెట్టుకు కూర్చున్నాను. ఆయన ఉండగా ఆయన వస్తువేదీ దాచుకోవాలని అనిపించలేదు నాకు. ఇప్పుడు బురద దాచుకోవాలనిపిస్తోంది.

కోశాను. ఆరితే కాఫీ చెంచాడు కూడా కాలేదు. ద్రావకం పోశాను.

వారానికి ఫలితం వచ్చింది. మా పదిహేనేళ్ళకూ కలిపి కాగితం మీద ఒక్క చుక్క. కిందా మీదా ఎన్నో చుక్కలు వస్తాయి, కరువు కాలాలవి ఒక పక్క, వానలు కురిసిన కాలాలవి ఇంకో పక్క. మాది వానల పక్కన పడింది. అటూ ఇటూగా కాదు, బాగా ఆ పక్కనే.

"మంచి పాయింటు సుజాత గారూ" అన్నారు ప్రొఫెసర్ గారు.

"అవును సార్" అన్నాను. ఆ రోజు పని మధ్యలో వదిలేసి ఇంటికి పోయి, తలుపు గడియ పెట్టుకుని, ఆయన పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను.